జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తొలినాటి విశ్వాన్ని ఎలా చూస్తోంది? తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవు రోజుల్లో మా అపార్ట్‌మెంట్ డాబా మీద చిన్న టెలిస్కోప్ పెట్టి పిల్లలకీ పెద్దలకీ చంద్రుణ్ణి, శని వలయాలను చూపిస్తుంటాను. 2022 జూలైలో వెబ్ తొలి ఫొటో బయటికి వచ్చిన దగ్గర్నుంచీ శని సంగతి పక్కన పెట్టి అందరూ దాని గురించే అడుగుతున్నారు. "1,300 కోట్ల ఏళ్ల కిందటి ఫొటో అంట, నిజమేనా?" అని మొదలై ఎక్కడెక్కడికో వెళ్తుంది మాట. వాళ్లు అడిగినవే, ఇంచుమించు వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు చాలు, కొన్నింటికి కాస్త ఓపిగ్గా కూర్చోవాలి.

కాలంలో వెనక్కి చూడటం ఏంటండీ? అది టెలిస్కోపా, టైమ్ మెషీనా?

టెలిస్కోపే. వెనక్కి చూడటం అనేది దాని గొప్పతనం కాదు, వెలుగు నడకలో ఉన్న సంగతి. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కానీ దానికీ టైమ్ పడుతుంది. చంద్రుడి నుంచి మన దాకా రావడానికి సెకను పైచిలుకు, సూర్యుడి నుంచి 8 నిమిషాల 20 సెకన్లు. అంటే మీరు పొద్దున్నే నమస్కారం పెట్టే సూర్యుడు 8 నిమిషాల కిందటి సూర్యుడు. ఆండ్రోమెడా గెలాక్సీ వెలుగుకు 25 లక్షల ఏళ్లు పడుతుంది. అలా దూరం పెరిగే కొద్దీ మనం చూసేది పాతదవుతుంది. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. 1,350 కోట్ల ఏళ్లు ప్రయాణం చేసిన వెలుగును పట్టుకోగలిగితే, విశ్వం పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎలా ఉందో కనిపిస్తుంది. వెబ్ చేస్తున్న పని అదే. మొత్తం వయసు వందేళ్లు అనుకుంటే, అది చూస్తున్నది రెండేళ్ల వయసు నాటి ముఖం.

అంత పాత వెలుగు ఎప్పుడో మనల్ని దాటి వెళ్లిపోయి ఉండాలి కదా? ఇంకా ఎలా వస్తోంది?

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది. విశ్వం మొదలైన బిగ్ బ్యాంగ్ అంటే ఎక్కడో ఒక మూల బాంబు పేలినట్టు మన మనసులో ఉండిపోయింది, అందుకే ఈ సందేహం. నిజానికి అది ఒక చోట జరగలేదు, అన్ని చోట్లా జరిగింది. దీపావళి రాత్రి జిల్లాలోని ఊళ్లన్నింట్లో సరిగ్గా ఒకే క్షణంలో ఒక్కో ఔటు పేల్చారనుకోండి. మన ఊరి చప్పుడు వెంటనే వినిపించి అయిపోతుంది. పది కిలోమీటర్ల అవతలి ఊరిది అరనిమిషానికి వినిపిస్తుంది, ఇంకా దూరపు ఊరిది ఇంకాస్త ఆగి. పేలింది ఒకేసారి, చెవిన పడేది మాత్రం ఊరి దూరాన్ని బట్టి. మన చోటి పాత వెలుగు ఎటో వెళ్లిపోయింది, నిజమే. దూరపు చోట్ల నుంచి ఆనాడు బయల్దేరిన వెలుగు ఇప్పుడిప్పుడే మన గడప తొక్కుతోంది.

మరి మామూలు టెలిస్కోప్‌తో ఎందుకు కనిపించదు? హబుల్ ఉండగా ఇంకోటి ఎందుకు?

ఎందుకంటే ఆ వెలుగు దారిలో సాగిపోయింది. ఇంట్లో ఎలాస్టిక్ ముక్క ఉంటే తీసుకుని దాని మీద పెన్నుతో అర సెంటీమీటరుకొకటి చొప్పున గీతలు పెట్టి లాగి చూడండి. గీతల మధ్య ఎడం పెరుగుతుంది. వెలుగు కూడా అలలే, విశ్వం వ్యాకోచిస్తున్న కొద్దీ ఆ అలల మధ్య ఎడం అలాగే పెరుగుతుంది. నీలం వైపు వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది, ఎరుపు దాటితే కంటికే కనిపించని పరారుణంలోకి పోతుంది. దీన్నే అరుణ విస్థాపనం అంటారు, రెడ్‌షిఫ్ట్ అన్నా అందరికీ అర్థమవుతుంది. ఆ తొలి గెలాక్సీల్లోని కుర్ర నక్షత్రాలు ధగధగా అతినీలలోహిత కాంతితో వెలిగాయి. అదే కాంతి మన దగ్గరికొచ్చేసరికి 15 రెట్లు సాగి పరారుణమైపోయింది.

హబుల్, అంటే వెబ్‌కు ముందు నుంచీ భూమి చుట్టూ తిరుగుతున్న అంతరిక్ష టెలిస్కోప్, పరారుణాన్ని కొంత చూడగలదు కానీ 1.7 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.) వెబ్ 0.6 మైక్రాన్ల నుంచి 28 మైక్రాన్ల దాకా చూస్తుంది. హబుల్ అద్దం వెడల్పు 2.4 మీటర్లు, వెబ్‌ది 6.5 మీటర్లు. అలాగని హబుల్‌ను తక్కువ చేయకండి. 1995 డిసెంబరులో పది రోజుల పాటు సప్తర్షి మండలం దగ్గర ఏమీ లేదనుకున్న ఒక చిన్న చీకటి ముక్క వైపు తదేకంగా చూసి సుమారు 3,000 గెలాక్సీలను బయటపెట్టింది అదే. ఆ ఫొటో లేకపోతే వెబ్ కట్టాలన్న పట్టుదల ఇంతగా వచ్చేదని నేననుకోను.

పరారుణం కంటికి కనిపించదంటున్నారు. అసలు ఉందని నమ్మకం ఏంటి?

టీవీ రిమోట్ తీసుకుని దాని మూతి దగ్గర ఉండే చిన్న బల్బును ఫోన్ కెమెరాకు చూపిస్తూ బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో, ముఖ్యంగా సెల్ఫీ కెమెరాలో, ఊదా రంగు వెలుగు మిణుకుమిణుకుమంటుంది. కంటికి మాత్రం ఏమీ కనిపించదు. అదే పరారుణం. ఇస్త్రీ పెట్టె దగ్గర అరచెయ్యి పెడితే తాకకుండానే వేడి తెలుస్తుంది చూడండి, అదీ ఎక్కువ భాగం పరారుణమే. మన ఒళ్లు కూడా పరారుణంలో వెలుగుతూనే ఉంటుంది. ఈ ఇస్త్రీ పెట్టె మాట గుర్తుపెట్టుకోండి, వెబ్‌ను ఎందుకు అలా కట్టారో దీంతోనే అర్థమవుతుంది.

15 లక్షల కిలోమీటర్ల దూరం ఎందుకు పంపారు? భూమి చుట్టూ తిప్పితే పోయేది కదా?

వేడి వల్ల. పరారుణాన్ని చూసే టెలిస్కోప్ తనే వేడిగా ఉంటే తన వేడే తనకు అడ్డం. పట్టపగలు నక్షత్రాలను వెతికినట్టు ఉంటుంది. భూమి దగ్గర తిరిగితే ఒక పక్క సూర్యుడు, ఇంకో పక్క భూమి, పైగా చంద్రుడు, అన్ని వైపుల నుంచీ వేడి తగులుతుంది. అందుకే సూర్యుడికి ఎదురు వైపు, భూమికి అవతల 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్2 అనే చోటు చుట్టూ తిరిగేలా పెట్టారు. అక్కడి నుంచి చూస్తే సూర్యుడు, భూమి, చంద్రుడు ముగ్గురూ ఒకే వైపు ఉంటారు. ఆ వైపుకు ఒక్క గొడుగు పట్టుకుంటే చాలు.

ఆ గొడుగు టెన్నిస్ కోర్టు అంత ఉంటుంది, 21 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు. ఐదు పొరలు, ఒక్కో పొర తల వెంట్రుక కన్నా పలచన. పొరకూ పొరకూ మధ్య ఖాళీ ఉంటుంది, వేడి ఆ సందుల్లోంచి పక్కకు పోతుంది. ఎండ వైపు నీళ్లు మరిగేంత వేడి, నీడ వైపు మైనస్ 233 డిగ్రీలు. ఈ చలి కూడా సరిపోని పరికరం ఒకటుంది, మిరి అని, మధ్య పరారుణాన్ని చూస్తుంది. దాన్ని హీలియంతో నడిచే ఫ్రిజ్ లాంటిది పెట్టి మైనస్ 266 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. చంద్రుడంత దూరంలో ఒక తుమ్మెద ఉంటే దాని ఒంటి వేడిని గుర్తించగలిగేంత సున్నితం ఈ టెలిస్కోప్ అని నాసా చెబుతుంది. ఇంత చలి లేకపోతే ఆ సున్నితత్వం రాదు.

అద్దానికి బంగారం ఎందుకు? ఎంత పట్టింది?

పరారుణాన్ని బంగారం అల్యూమినియంకన్నా బాగా తిప్పికొడుతుంది, పైగా పాడవదు. అందుకే. అసలు అద్దం బెరీలియం అనే తేలికైన లోహం, 18 షట్కోణాల ముక్కలు, దాని మీద వెంట్రుకలో వెయ్యో వంతు కన్నా కొంచెం ఎక్కువ మందాన బంగారు పూత. మొత్తం కలిపి సుమారు 48 గ్రాములు, అంటే ఆరు కాసులు. పెళ్లి నగల లెక్కలో చూస్తే ఎంతో కాదు.

ముక్కలుగా ఎందుకంటే రాకెట్ ముక్కులో 6.5 మీటర్ల అద్దం పట్టదు. మడిచి పెట్టి, పైన విప్పారు. 2021 డిసెంబరు 25న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్ ఎక్కింది. నాసాతో పాటు యూరప్, కెనడా అంతరిక్ష సంస్థలు కూడా ఇందులో భాగస్వాములు. ఏ ఒక్కటి చెడినా మొత్తం పని పోయే అంశాలు 344 ఉన్నాయని లెక్క వేశారు. ఆ రెండు వారాలూ గొడుగు తెరుచుకుందా, అద్దం రెక్కలు విప్పుకుందా అని టెన్షన్‌తో ఫోన్ పక్కన పెట్టింది లేదు నేను.

విప్పాక మొదట సప్తర్షి మండలం ఉన్న వైపే ఒక మామూలు నక్షత్రాన్ని చూపించారు. 18 ముక్కలూ తలో దిక్కు చూస్తున్నాయి కాబట్టి ఒకే నక్షత్రం 18 చుక్కలుగా పడింది, అదీ మసకమసగ్గా. ఒక్కో ముక్క వెనకాల ఉన్న చిన్న మోటార్లతో నానోమీటర్ల లెక్కన జరుపుతూ, కొన్ని వారాలకు ఆ 18 చుక్కలనూ ఒక్కటి చేశారు. తొలి రంగుల ఫొటో కన్నా ఆ ఒక్క చుక్క ఫొటో చూసినప్పుడే నా గుండె ఎక్కువ కొట్టుకుంది.

ఫొటోలో అన్నీ చుక్కలే. ఏది దగ్గరిదో ఏది దూరానిదో ఎలా చెబుతారు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే టైమ్ ఉంటే ఇదే చదవండి. ఫొటో చూసి దూరం చెప్పలేం. దగ్గరున్న చిన్న మసక గెలాక్సీ, ఎంతో దూరాన ఉన్న పెద్ద గెలాక్సీ ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి. దూరం తెలిసేది వెలుగును విడదీసి చదివితేనే.

రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటిది జల్లెడ పట్టడం. విశ్వం నిండా ఉన్న హైడ్రోజన్‌కు ఒక గుణం ఉంది. 0.1216 మైక్రాన్లు, అంతకన్నా పొట్టి అలలున్న అతినీలలోహిత కాంతిని అది మింగేస్తుంది. తొలినాటి గెలాక్సీ చుట్టూ ఈ హైడ్రోజన్ దట్టంగా ఉండేది, కాబట్టి దాని వెలుగులో ఆ గీత దగ్గర గోడ కట్టినట్టు ఉంటుంది. గోడకు ఇటు వెలుగు, అటు చీకటి. ఇప్పుడు ఆ వెలుగు సాగిందనుకోండి, గోడ కూడా దాంతో పాటే జరుగుతుంది. 15.4 రెట్లు సాగితే 1.87 మైక్రాన్ల దగ్గరికొచ్చి నిలబడుతుంది. వెబ్ కెమెరాకు రకరకాల ఫిల్టర్లు ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో పొడవు అలలనే లోపలికి రానిస్తుంది. అదే చుక్కను ఒక్కో ఫిల్టర్ వేసి చూస్తారు. 2.77 మైక్రాన్ల ఫిల్టర్‌లో చుక్క చక్కగా ఉంది. 2 మైక్రాన్లలో ఉంది కానీ కొంచెం తగ్గింది. 1.5 మైక్రాన్లలో చూస్తే అక్కడ ఏమీ లేదు, వట్టి నలుపు. 1.15 లోనూ అంతే. ఆ చుక్క ఎక్కడ మాయమైందో అదే దాని దూరానికి ఆనవాలు. ఉన్న వెలుగుతో కాదు, లేని వెలుగుతో దూరం పట్టుకోవడం అన్నమాట. ఈ సంగతి మొదటిసారి అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండో అంచె ఖాయం చేసుకోవడం. వెబ్‌లో నిర్‌స్పెక్ అనే పరికరం ఉంది. దానికి దాదాపు 2.5 లక్షల బుల్లి కిటికీలుంటాయి, ఒక్కో దాని సైజు ఒకట్రెండు వెంట్రుకల మందమంత. కావాల్సిన గెలాక్సీల ముందున్న కిటికీలే తెరిచి మిగతావి మూసేస్తారు. అలా వంద గెలాక్సీల వెలుగును ఒకేసారి ఇంద్రధనుస్సులా విడదీయొచ్చు. ఆ వర్ణపటంలో హైడ్రోజన్, ఆక్సిజన్, కార్బన్ గీతలు ఎక్కడెక్కడ పడ్డాయో చూస్తే ఎంత సాగిందో దశాంశాలతో సహా తేలుతుంది. 2024 జనవరిలో జేడ్స్-జీఎస్-జడ్14-0 అనే గెలాక్సీని ఇలా పది గంటల దాకా చూశారు.

మొదటి అంచెలో పొరపాట్లు జరగవా?

జరుగుతాయి. 2022లో తొలి డేటా రాగానే సీర్స్-93316 అనే చుక్క అందరినీ ఆకర్షించింది. ఫిల్టర్ల లెక్క ప్రకారం అది బిగ్ బ్యాంగ్ తర్వాత 24 కోట్ల ఏళ్లకే ఉన్న గెలాక్సీ. పేపర్లూ చానళ్లూ రికార్డు బద్దలైందన్నాయి. తర్వాత వర్ణపటం తీస్తే అది 120 కోట్ల ఏళ్ల నాటిదని తేలింది. దుమ్ము, ఆక్సిజన్, హైడ్రోజన్ గీతల వెలుగు కలిసి సరిగ్గా ఆ ఫిల్టర్లలో పడి దూరపుదానిలా భ్రమ కలిగించాయి. నాకు ఇందులో నచ్చినదేంటంటే, ఆ దూరాన్ని సరిచేసింది కూడా ఇదే టెలిస్కోప్, ఏడాది తిరక్కుండానే. అందుకే "అత్యంత దూరపు గెలాక్సీ దొరికింది" అనే వార్త కనిపిస్తే, వర్ణపటం తీశారా లేదా అని ముందు చూడండి. తీయకపోతే అది ఇంకా అభ్యర్థే, గెలిచినట్టు కాదు.

ఇప్పటిదాకా ఖాయమైన వాటిలో అన్నిటికన్నా దూరపుది ఏది?

నేను ఇది రాసేటప్పటికి నాకు తెలిసి మామ్-జడ్14. 2025 మే నెలలో బయటపెట్టారు. రెడ్‌షిఫ్ట్ 14.44, అంటే వెలుగు 15.44 రెట్లు సాగింది. బిగ్ బ్యాంగ్ జరిగిన 28 కోట్ల ఏళ్లకు అది అలా ఉంది. పేరులో "మామ్" అంటే "ఎండమావా, అద్భుతమా" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు, పైన చెప్పిన పొరపాట్లు మనసులో పెట్టుకునే ఆ సర్వేకు అలా పెట్టారు. దాని ముందు రికార్డు ఇందాక చెప్పిన జేడ్స్-జీఎస్-జడ్14-0 ది, 29 కోట్ల ఏళ్లు. వీటన్నిటికన్నా ముందు హబుల్ కనిపెట్టిన జీఎన్-జడ్11 ఉండేది, సుమారు 43 కోట్ల ఏళ్లు. కొత్త రికార్డు ఎప్పుడైనా రావచ్చు, ఈ లెక్కలు పాతబడితే బాధపడకండి.

1,350 కోట్ల ఏళ్లు ప్రయాణం చేసిందంటారు, మళ్లీ 3,400 కోట్ల కాంతి సంవత్సరాల దూరం అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. కాంతి సంవత్సరం అంటే వెలుగు ఏడాదిలో పోయే దూరం. వెలుగు దారిలో ఉండగానే విశ్వం వ్యాకోచిస్తూ పోయింది. మొదటిది వెలుగు ఎంతకాలం నడిచింది అనే లెక్క, రెండోది ఆ గెలాక్సీ ఇవాళ ఎంత దూరంలో ఉండి ఉంటుంది అనే లెక్క. పేపర్లలో రెండింటినీ కలిపేస్తుంటారు.

వెబ్ ఫొటోలతో బిగ్ బ్యాంగ్ తప్పని తేలిందట కదా?

లేదు. ఈ మాట వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, పంపినవాళ్లకు ఓపిగ్గా చెప్పండి. తేలింది వేరే. తొలి గెలాక్సీలు మనం అనుకున్నదాని కన్నా ఎక్కువ ఉన్నాయి, ఎక్కువ కాంతితో ఉన్నాయి. 30 కోట్ల ఏళ్ల వయసులో విశ్వంలో మసకగా, అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయనుకుంటే, బాగా వెలుగుతున్నవే దొరుకుతున్నాయి. జేడ్స్-జీఎస్-జడ్14-0 అయితే 1,600 కాంతి సంవత్సరాల వెడల్పుంది. 2025లో చిలీ ఎడారిలోని ఆల్మా రేడియో టెలిస్కోప్‌తో చూస్తే దాంట్లో ఆక్సిజన్ కూడా కనిపించింది. ఆక్సిజన్ బిగ్ బ్యాంగ్‌లో పుట్టలేదు, నక్షత్రాల కడుపులో ఉడకాలి, ఆ నక్షత్రాలు పేలిపోయి బయటికి చిమ్మాలి. అంటే మనం చూస్తున్న ఆ గెలాక్సీకి ముందే ఒక తరం నక్షత్రాలు పుట్టి పోయాయి.

సమస్య బిగ్ బ్యాంగ్‌ది కాదు, గెలాక్సీలు ఎలా పెరుగుతాయన్న మన లెక్కలది. నక్షత్రాలు నిలకడగా కాకుండా విడతలు విడతలుగా ఒక్కసారిగా పుట్టాయా, అప్పట్లో దుమ్ము తక్కువ కాబట్టి వెలుగు అడ్డం లేకుండా వచ్చిందా, భారీ నక్షత్రాల పాలు ఎక్కువా, కొంత వెలుగు కృష్ణబిలాల చుట్టూ ఉన్నదా? నాకు మొదటి రెండింటి మీద నమ్మకం ఎక్కువ, ఎందుకంటే వాటికి కొత్త భౌతికశాస్త్రం అక్కర్లేదు. బిగ్ బ్యాంగ్ ఆధారాలు వేరే చోట ఉన్నాయి, ముఖ్యంగా 1964లో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరికి యాంటెన్నాలో వినిపించిన ఆకాశం నిండా ఉన్న సన్నటి రేడియో హోరు. దాన్ని వెబ్ ముట్టుకోనే లేదు.

ఆ హోరుకూ వెబ్‌కూ మధ్య ఏముంది? వెబ్ బిగ్ బ్యాంగ్‌ను చూడలేదా?

చూడలేదు, ఏ కాంతి టెలిస్కోపూ చూడలేదు. మొదటి 3.8 లక్షల ఏళ్లు విశ్వం పొగమంచు లాంటిది, వెలుగు రెండడుగులు వేయగానే ఎలక్ట్రాన్‌కు కొట్టుకుని తిరిగేది. తర్వాత చల్లబడి పరమాణువులు కట్టాక వెలుగుకు దారి దొరికింది, ఇందాకటి హోరు ఆ వెలుగే. పాత టీవీల్లో చానల్ రానప్పుడు చీమలు పాకినట్టు కనిపించేది చూడండి, అందులో ఓ చిన్న పాలు ఆ వెలుగుదే. అక్కడి నుంచి తొలి నక్షత్రాలు వెలిగేదాకా అంతా చీకటి యుగం. వట్టి హైడ్రోజన్, హీలియం, వెలిగించేవాళ్లు లేరు. ఆ చీకటిని చీల్చిన మొట్టమొదటి నక్షత్రాలు, హైడ్రోజన్, హీలియం తప్ప బరువైన మూలకాల పిసరు కూడా లేనివి, ఇంకా ఖాయంగా దొరకలేదు. అలాంటివని అనుమానించదగ్గ చోట్లు ఒకటి రెండు తగిలాయి, అంతే. ఆ నక్షత్రాలూ తొలి గెలాక్సీలూ కలిసి చుట్టూ ఉన్న హైడ్రోజన్ మసకను విడగొట్టి విశ్వాన్ని పారదర్శకం చేశాయి, 100 కోట్ల ఏళ్ల వయసు వచ్చేసరికి ఆ పని ఇంచుమించు అయిపోయింది. వెబ్ కట్టిన పెద్ద కారణాల్లో ఈ కథ చూడటం ఒకటి.

చిన్న ఎర్ర చుక్కలు అని ఏదో చదివాను. అవేంటి?

ఎవరూ ఊహించనివి. వెబ్ లోతుగా చూసిన ప్రతి చోటా, విశ్వానికి 60 కోట్ల నుంచి 150 కోట్ల ఏళ్లున్న కాలంలో, గట్టిగా నొక్కిపెట్టినట్టున్న బుల్లి ఎర్రటి చుక్కలు దొరుకుతున్నాయి. మొదట్లో కొన్నింటిని నక్షత్రాలతో కిక్కిరిసిన గెలాక్సీలు అనుకున్నారు, అప్పుడు "ఇంత బరువు అంత త్వరగా ఎలా?" అని గాభరా పుట్టింది. చాలావాటిలో గ్యాస్ సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో గిరగిరా తిరుగుతోందని వర్ణపటాలు చెప్పాక, లోపల కృష్ణబిలం తింటూ పెరుగుతోందన్న వైపు మొగ్గారు. వాదన నడుస్తూనే ఉంది.

ఎర్ర చుక్కల సంగతి అలా ఉంచితే, యూహెచ్‌జడ్1 అనే గెలాక్సీలో 47 కోట్ల ఏళ్ల నాటికే భారీ కృష్ణబిలం ఉందని చంద్ర ఎక్స్‌రే టెలిస్కోప్, వెబ్ కలిసి 2023లో చూపించాయి. మామూలు నక్షత్రం చచ్చి పుట్టిన కృష్ణబిలం అంత త్వరగా అంత పెరగడం కష్టం. పెద్ద గ్యాస్ మేఘమే నేరుగా కుప్పకూలి పెద్ద విత్తనంగా మొదలై ఉండొచ్చని ఏళ్ల ముందే చెప్పినవారిలో ప్రియంవద నటరాజన్ ఒకరు, కోయంబత్తూరులో పుట్టి యేల్ యూనివర్సిటీలో పనిచేస్తున్న శాస్త్రవేత్త. ఆ ఎక్స్‌రే టెలిస్కోప్ పేరు కూడా మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌దే.

గెలాక్సీల గుంపు భూతద్దంలా పనిచేస్తుందంటే?

బరువు చుట్టూ వెలుగు వంగుతుంది, ఐన్‌స్టీన్ చెప్పిందే. వేల గెలాక్సీలున్న గుంపు మన చూపుకు అడ్డంగా ఉంటే, దాని వెనకాల ఉన్న గెలాక్సీల వెలుగు వంగి పెద్దదై, కాంతివంతమై కనిపిస్తుంది. నీళ్ల గ్లాసులోంచి వెనకాల ఉన్న దీపాన్ని చూసినట్టు సాగి, విల్లులా వంగి ఉంటుంది. 2022 జూలై 11న విడుదల చేసిన ఆ తొలి ఫొటోలో ఉన్నది ఇదే, ఎస్‌మాక్స్ 0723 అనే గుంపు. పన్నెండున్నర గంటలు చూసి తీశారు. చెయ్యి చాపి వేలి కొసన ఇసుక రేణువు పట్టుకుంటే ఆకాశంలో ఎంత దాస్తుందో అంత ముక్కలో వేల గెలాక్సీలు. నేను దాన్ని పెద్ద సైజులో ప్రింట్ తీయించి భూతద్దం పెట్టి చూశాను. మధ్యలో తెల్లటి గెలాక్సీల చుట్టూ నారింజ రంగు గీతలు గుండ్రంగా వంగి ఉంటాయి, ఆ వంపులే వెనకాలివి.

మన పుణెలోని జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రం పరిశోధకులు ఇలాంటి గుంపు వెనకాలే, ఆబెల్ 2744 దగ్గర, ఒక అందమైన గెలాక్సీని పట్టుకున్నారు. రెండు చక్కటి చేతులు తిప్పుకున్న సర్పిలం, 30,000 కాంతి సంవత్సరాల వెడల్పు, అదీ విశ్వానికి 150 కోట్ల ఏళ్లున్నప్పుడు. అప్పటికి అంతా గజిబిజి ముద్దలే ఉంటాయనుకున్నారు. దానికి అలకనంద అని పేరు పెట్టారు. హిందీలో పాలపుంతను మందాకిని అంటారు కదా, హిమాలయాల్లో దాని తోడు నది అలకనంద.

ఆ రంగులు నిజమైనవేనా? ఫొటోషాపా?

కంటికి కనిపించని వెలుగుకు మనమిచ్చిన రంగులు. పొట్టి అలలకు నీలం, మధ్యవాటికి ఆకుపచ్చ, పొడవాటి వాటికి ఎరుపు, ఆ వరసే పాటిస్తారు. సంగీతంలో చెవికందని స్వరాన్ని అదే వరసలో కింది స్థాయికి దింపి పాడినట్టు. కల్పన కాదు, అనువాదం. చుక్క ఎర్రగా ఉందంటే అందులో సమాచారం ఉంది: బాగా సాగిన వెలుగు కావచ్చు, లేదా దుమ్ము.

ఆరు కొమ్ములున్నవి నక్షత్రాలా?

అవును. పెద్ద కొమ్ములు ఆరు, అడ్డంగా చిన్నవి రెండు. షట్కోణ అద్దం అంచుల వల్ల, ముందున్న చిన్న అద్దాన్ని పట్టుకున్న కమ్మీల వల్ల వస్తాయి. కొమ్ములు కనిపిస్తే అది దాదాపుగా మన పాలపుంతలోని నక్షత్రమే, చాలా దగ్గరిది. మిగతా మసక చుక్కల్లో దాదాపు అన్నీ గెలాక్సీలు.

పాడైతే ఎవరు బాగు చేస్తారు? ఎన్నాళ్లు పనిచేస్తుంది?

ఎవరూ వెళ్లలేరు. హబుల్‌ను ఐదుసార్లు వ్యోమగాములు వెళ్లి బాగు చేశారు, ఇది అంత దగ్గర్లో లేదు. 2022 మేలో ఒక అద్దం ముక్కకు ఇసుక రేణువంత ఉల్క తగిలి గుర్తు పడింది, సర్దుబాటు చేసుకున్నారు. రాకెట్ చాలా కచ్చితంగా వదిలింది కాబట్టి దారి సరిచేసుకోవడానికి ఇంధనం తక్కువ ఖర్చయింది, మిగిలింది 20 ఏళ్ల దాకా వస్తుందని అంచనా. ఖర్చు సుమారు 1,000 కోట్ల డాలర్లు. ఎక్కువే. నా వరకు సార్థకమైన ఖర్చు.

మన దేశంలోని వాళ్లు దీన్ని వాడుకోవచ్చా? తెలుగు విద్యార్థి ఏం చేయాలి?

వాడుకోవచ్చు. ఏ దేశం వాళ్లైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, పేర్లు, ఊర్లు దాచి ఆలోచనను మాత్రమే చూసి ఎంపిక చేస్తారు. పోటీ మాత్రం విపరీతం, నాలుగో విడతకు 2,300కు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఇంకో దారి ఉంది. తీసిన డేటా గరిష్ఠంగా ఏడాదిలో అందరికీ ఉచితంగా తెరుస్తారు, కొన్ని సర్వేలవి వెంటనే. అలకనంద కూడా అలా అందరికీ తెరిచిన డేటాలో దొరికిందే. ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లైతే పైథాన్ నేర్చుకుని, బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆర్కైవ్ నుంచి ఒక చిన్న ఫైలు దించుకుని మూడు ఫిల్టర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చుక్క ఒక ఫిల్టర్‌లో ఉండి పక్కదాంట్లో మాయమవడం మీ కళ్లతో చూస్తే ఇందాకటి జవాబు ఇంకెప్పుడూ మర్చిపోరు.

ఏ పరికరమూ లేకుండా నేను చూడగలిగే అతి పాత వెలుగు ఏది?

ఆండ్రోమెడా గెలాక్సీ. కార్తీక మాసంలో అమావాస్య దగ్గర్లో, వీధి దీపాలు లేని ఊరికి వెళ్లండి. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు ఉత్తరం వైపు తిరిగి తల బాగా పైకెత్తండి. ఎం అక్షరం లాగా ఉండే ఐదు నక్షత్రాల గుంపు కనిపిస్తుంది, శర్మిష్ఠ అంటారు. దాని మొనల్లో లోతుగా ఉన్నది బాణంలా ఎటు చూపిస్తే అటు, నడినెత్తి వైపు, సుమారు ఒకటిన్నర పిడికిలి దూరం వెళ్లండి. చెయ్యి చాపి పిడికిలి పెట్టి కొలుచుకోవచ్చు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు ఫోన్ తీయకండి. సూటిగా కాకుండా కాస్త పక్కకు చూస్తే చిన్న పొగ మరకలా తగులుతుంది. ఆ మరక 25 లక్షల ఏళ్ల కిందటిది. మా ఊళ్లో పొలం గట్టు మీద నిలబడి దాన్ని చూపించినప్పుడు మా నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఇంకోసారి ఎక్కడో చూపించరా" అన్నాడు.